చచ్చినవాడి టీ

బావమరిది తెచ్చిన ఆట ఒక అట్టపెట్టెలో ఉంది. పెట్టె మీద మబ్బు బొమ్మ, మబ్బు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న మనిషి బొమ్మ. మేస్త్రి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, కొబ్బరికాయ బేరమాడేవాడిలా ఊపి చూశాడు. లోపల ఏదీ గలగలమనలేదు.

“పాచికలేవిరా?”

“ఇందులో ఉండవు బావా. కార్డులుంటాయి.”

“కోట?”

“అదీ ఉండదు. అందరం కలిసి అప్పటికప్పుడు అల్లుకుంటాం.”

“మరి ఓడిపోయేదెట్లా?”

“ఓడిపోవడం అనేదే లేదు బావా. అదే ఇందులో అందం.”

మేస్త్రి పెట్టెను బల్ల మీద పెట్టి, దుమ్ము అంటినట్టు చేతులు దులుపుకున్నాడు. దుమ్మంతా ఆయన బల్ల మీదే ఉంది, పెట్టె శుభ్రంగానే ఉంది.

“నేల విడిచి సాము చేసేవాళ్లను చూశాన్రా. సాము కూడా విడిచిపెట్టి నేల మీద పడుకునేవాళ్లను ఇప్పుడే చూస్తున్నా.”

బావమరిది నవ్వాడు. దేనికైనా నవ్వుతాడు. ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు మాట్లాడడం నేర్పడం అతని ఉద్యోగం. పాలు మరవకముందే అందరికీ వచ్చే విద్యను గడ్డాలొచ్చాక మళ్లీ నేర్చుకునేవాళ్లు ఉంటారంటే మేస్త్రి చాలాకాలం నమ్మలేదు. అతను ఎదుటివాడు ఏమన్నా సరే, తల ఒక పక్కకు వాల్చి, “ఇప్పుడు మీకు లోపల ఏమనిపిస్తోంది?” అని అడుగుతాడు. పెళ్లాం తమ్ముడు కాబట్టి మేస్త్రి ఇన్నాళ్లూ ఏమీ అనిపించనట్టే ఊరుకున్నాడు.

మేస్త్రి వడ్రంగి. తలుపులు చేయడంలో పేరున్నవాడు. ఇంటిని ఆనుకుని రేకుల షెడ్డు, అదే ఆయన కార్ఖానా. గోడ పొడుగునా తయారైన తలుపులు ఆనించి ఉంటాయి. ఇంకా ఇల్లు లేని తలుపులు, ఇంకా ఎవరూ తట్టని తలుపులు. ఆదివారం మధ్యాహ్నం రంపాలు ఆగుతాయి. చిత్రికపట్టే పెద్దబల్ల మీది పొట్టు ఊడ్చి, దాని మీద ఒక ప్లైవుడ్ పలక పరుస్తాడు. పలక నిండా పెన్సిలుతో గీసిన కోట. అప్పుడు వస్తారు ముగ్గురూ. ఒకరు దర్జీ, ఒకరు నర్సు, ఒకరు బస్సు డ్రైవరు.

ఆట సంగతి కొత్తవాళ్లకు రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఏ గదిలో ఏముందో మేస్త్రికి తెలుసు, మిగతావాళ్లకు తెలియదు. వాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో వీరుడు. “గోడ తడుముతూ పోతాను” అంటారు. “గోడ తడిగా ఉంది” అంటాడు మేస్త్రి. “గోతి మీంచి దూకుతాను” అంటారు. “అయితే వెయ్యి” అంటాడు. పాచిక డబ్బా మూతలో గిరగిరా తిరిగి పడుతుంది. దూకాడో పడ్డాడో అది చెబుతుంది. దానికి మొహమాటం లేదు, చుట్టరికం లేదు. ఆ పాచికలు మేస్త్రి తన చేత్తో నల్లచేవ ముక్కల్లోంచి కోసి, అరిగిన గరుకుకాగితంతో నున్నగా తోమినవి.

వీరుడు చస్తే ఆ మనిషి లేచి, మూలనున్న పొయ్యి మీద అందరికీ టీ పెట్టాలి. అందరి కప్పులూ ఖాళీ అయ్యేదాకా నోరు మెదపకూడదు. చచ్చినవాడు మాట్లాడడు కదా. కప్పులు ఖాళీ అయ్యాక కొత్త వీరుడితో మళ్లీ రావచ్చు. ఆ బల్ల దగ్గర అదే చట్టం. పొయ్యి జిగురు కాచుకునేది కావడంతో ఆ టీకి ఎప్పుడూ కాస్త జిగురు వాసన ఉంటుంది. చావు వాసన అదేనని డ్రైవరు అంటాడు.

అందరికన్నా ఎక్కువసార్లు చచ్చింది నర్సు. ఏ గదైనా ముందు ఆమే దూరుతుంది. “ఆసుపత్రిలో పొద్దస్తమానం జాగ్రత్త, జాగ్రత్త అని చస్తున్నా. ఇక్కడన్నా నన్ను హాయిగా చావనివ్వండి” అంటుంది. చచ్చి చచ్చి ఆమె చేతికి టీ బాగా కుదిరింది.

దర్జీ ఒక్కసారి కూడా చావలేదు. అతని వీరుడి చేతిలో మనిషెత్తు డాలు ఉంది. డాలున్నవాడు ముందు నడవాలి. ఇతను ఎప్పుడూ అందరి వెనక. గుడ్డ కత్తిరించే ముందు ఎన్నిసార్లు కొలుస్తాడో, గుమ్మం దాటే ముందు అన్నిసార్లు ఆలోచిస్తాడు. “నేను కాస్త ఆగి చూస్తాను” అనేది అతని ఊతపదం. మేస్త్రికి అతనంటే ఉన్న చులకన అంతా ఇంతా కాదు. “ఆ డాలు అమ్మేసి గొడుగు కొనుక్కోవయ్యా, ఎండకన్నా పనికొస్తుంది” అని ముఖం మీదే అన్నాడు. దర్జీ ఆ మాటను కూడా కాస్త ఆగి చూసి, ఊరుకున్నాడు.

ఇన్నేళ్లుగా సాగిన ఆట ఇప్పుడు ఆఖరి తలుపు ముందుకొచ్చి నిలబడింది. పోయిన ఆదివారం నర్సు వీరురాలు ఆ తలుపు ముందున్న గోతిలో పడి చచ్చి, మిగతా ఇద్దరికీ దారి చూపించింది. ఇక మిగిలింది తలుపొక్కటే. పలక చివర దాని బొమ్మ ఉంటుంది. దాని వెనక గది ఉండాల్సిన చోట అరచేతంత చెక్కమూత, నాలుగు మూలలా మేకులు. ఆట మొదలైన నాటినుంచీ ఆ మూత అక్కడే ఉంది.

“దాని కింద ఏముందో ఎప్పుడో గీసేశా. మీరొచ్చినా అదే, రాకపోయినా అదే. మీ మొహాలు చూసి మారేది కాదు” అనేవాడు మేస్త్రి. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు కాస్త లావయ్యేది.

మూత కింద ఏమీ లేదు.

కోట మొదలుపెట్టిన రోజున ఆయన అన్నిటికన్నా ముందు ఆ తలుపే గీశాడు. చేయి తిరిగిన పని కదా, తలుపు గొప్పగా కుదిరింది. వెనక ఏముండాలో తర్వాత తోస్తుందిలే అని మూత పెట్టి మేకులు కొట్టేశాడు. తోచలేదు. వాళ్లు దగ్గరికొస్తున్నకొద్దీ ముందు ఒక నడవా, ఒక మెట్లబావి, ఒక గబ్బిలాల గది అతికిస్తూ పోయాడు. ఇప్పుడు అతికించడానికి పలక మీద చోటు లేదు.

ఆ వారమంతా ఆలోచించాడు. రాక్షసుడా? దారి పొడుగునా పెట్టినవాళ్లు చాలు. నిధా? ఇంతదూరం నడిపించి ఒక పెట్టె చూపిస్తే డ్రైవరు పగలబడి నవ్వుతాడు. రాజా? రాజు అన్నేళ్లు ఆ గదిలో ఏం చేస్తున్నట్టు? ఏది అనుకున్నా తలుపు కన్నా చిన్నదిగానే ఉంది. కంచం ముందు కూర్చుని గోడకేసి చూస్తూ ముద్ద కలపడం మరిచిపోయాడు.

“ఏంటండీ, గోడ మీద ఏం రాసుంది?” అంది భార్య.

“ఏం లేదు.”

“ఏం లేనిదాన్ని అంతసేపు చూడక్కర్లేదు. మా తమ్ముడు వచ్చిందే ఏడాదికి ఒకసారి. ఆదివారం ఒక్కపూట వాడి ఆట ఆడితే మీ కోటేం కూలిపోదుగా?”

“సరే. ఆడనీ.”

భార్య వడ్డిస్తున్న గరిటె ఆపి ఆయన వైపు చూసింది. కాదనడానికి రెండు రోజులు, గొణగడానికి ఇంకో రెండు రోజులు పట్టే మనిషి. వెనకచేత్తో ఆయన నుదురు తాకి చూసింది.

“జ్వరమేం లేదే!”

“ఇంటికొచ్చిన మనిషి సరదా కాదంటానా?” అన్నాడు మేస్త్రి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. పాలగిన్నె ఎవరిదో దానికి తెలియక కాదు. ఆదివారం ఆ పనికిమాలిన కార్డుల ఆట ఆడితే ఆఖరి తలుపు ఇంకో వారం మూసుకుని ఉంటుంది. అంతే ఆయన లెక్క.

ఆదివారం బావమరిది అందరికన్నా ముందొచ్చి స్టూళ్లు గుండ్రంగా వేశాడు. మేస్త్రి ఎప్పుడూ కూర్చునే ఎత్తు స్టూలును పక్కకు నెట్టాడు. “ఇందులో పెద్దా చిన్నా ఉండదు బావా, అందరం ఒకే ఎత్తు.” ఒకే ఎత్తు అన్నవాడు తను మాత్రం వెలుతురు బాగా పడే చోటు చూసుకున్నాడు. మేస్త్రి ఆ సంగతి గమనించి, పైకేమీ అనకుండా, ఎత్తు స్టూలును గోడదాకా ఈడ్చుకెళ్లి దాని మీదే కూర్చున్నాడు.

“నేను చూస్తా. మీరాడండి.”

ముగ్గురూ వచ్చారు. బావమరిది కార్డులు పంచి, చేతులు రుద్దుకుని, బల్ల మీది పలక వైపు చూశాడు.

“ఈ కోట భలే ఉంది. కొత్తది అల్లుకోవడం దేనికి, అందరికీ తెలిసిందే వాడుకుందాం. ఆ ఆఖరి తలుపు దగ్గరే మొదలెడదాం.”

మేస్త్రికి తేలు కుట్టిన దొంగ పరిస్థితి వచ్చింది. “అది నా ఆటలోదిరా” అన్నాడు.

“మనందరిదీ కదా బావా!”

“తలుపు తెరుచుకుంటే చాలు మేస్త్రీ, ఏ ఆటైతేనేం” అన్నాడు డ్రైవరు. “బస్సు ఆగాలిగానీ స్టాపు ఎవరిదైతే ఏంటి?”

ఆట మొదలైంది. డ్రైవరు కార్డు తిరగేసి, పెద్దగా చదివాడు. “మీ వీరుడు ఇప్పుడేం చేస్తాడు?” అతని వీరుడు మంత్రగాడు. “నా ఇష్టమా?” అన్నాడు.

“పూర్తిగా మీ ఇష్టం.”

“అయితే కోటలో మిగిలిన రాక్షసులందరినీ ఒకే మంత్రంతో బూడిద చేశా.”

“అద్భుతం” అన్నాడు బావమరిది.

డ్రైవరు కాసేపు ఆగాడు. ఎవరూ అడ్డురాలేదు. ఎవరూ ‘వెయ్యి’ అనలేదు. “కోట మీద ఎగిరాను కూడా” అన్నాడు. అదీ జరిగిపోయింది. “బూడిదలోంచి బంగారం తీశా.” అదీ అయిపోయింది. అతను ముక్కు గోక్కుని, “ఇంకేం చెయ్యాలి మరి? మధ్యలో ఎవడూ లేడే!” అన్నాడు. ఖాళీరోడ్డు మీద హారన్ కొట్టేవాడిలా ఉంది అతని వాలకం. గోడ దగ్గర మేస్త్రి మీసం కింద నవ్వుకున్నాడు. చేతకానమ్మకు చేష్టలెక్కువని ఊరికే అన్నారా?

తర్వాత నర్సు. “పోయినవారం నా మనిషి గోతిలో పడి పోయింది కదా. ఇప్పుడు నేనెవరు?”

“ఆమే కావాలంటే ఆమే అక్కా. బతికే ఉందనుకుందాం.”

“అనుకుందామా?”

“మీ కోరిక. ఎవరైనా చావాలంటే వాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే చావు లేదు.”

నర్సు కార్డును రెండు వేళ్లతో పట్టుకుని, వాడిపారేసిన దూదిని చూసినట్టు చూసింది. “అంత తేలిగ్గానా బాబూ? మరి పోయినవారం నేను పెట్టిన టీ ఎందుకు పెట్టినట్టు?”

“మీకు లోపల ఏమనిపిస్తోందక్కా?”

“దాహంగా ఉంది” అంది నర్సు.

నిజమే, రేకుల కింద వేడి పెరిగింది. ఎప్పుడూ అయితే ఈపాటికి ఎవరో ఒకరు చచ్చేవాళ్లు, పొయ్యి వెలిగేది. ఈ ఆటలో ఎవరూ చావరు కాబట్టి ఎవరూ లేవరు. అందరి గొంతులూ ఎండుతున్నాయి. అమరత్వం అంటే ఇదన్నమాట అనుకున్నాడు మేస్త్రి. ఇలా ఎండిన నోళ్లతో గుండ్రంగా కూర్చుని, ఒకరినొకరు ‘అద్భుతం’ అనుకోవడం.

చివరికి దర్జీ వంతు. అతని కార్డు మీద ‘తలుపు ముందు ఎవరు నిలబడతారు?’ అని ఉంది. దర్జీ దాన్ని చదివి, తిరగేసి వెనక కూడా చూసి, మళ్లీ చదివాడు.

“కాస్త ఆగి చూస్తాడిప్పుడు” అన్నాడు మేస్త్రి, అందరికీ వినిపించేలా.

దర్జీ ఆగలేదు.

“అందరూ నా వెనక్కి రండి” అన్నాడు. గొంతు పలచగా ఉంది. “డాలు నాది. ముందు నేను వెళ్తా. మీరిద్దరూ తలుపు రెక్క పట్టుకోండి, మూసుకోకుండా.”

డ్రైవరు ముక్కు గోక్కోవడం ఆపేశాడు.

“నెడుతున్నా” అన్నాడు దర్జీ. “తెరుచుకుంది.”

“ఏం కనిపించింది?” అన్నాడు బావమరిది, తల వాల్చి, మెత్తగా.

దర్జీ చెప్పలేదు. పలక మీది తలుపును కాసేపు చూశాడు. తర్వాత స్టూలు వెనక్కి జరిపి, లేచి, మూలకు నడిచి, పొయ్యి వెలిగించాడు.

“మంచి పని చేశారు, నేనే అడుగుదామనుకుంటున్నా. అందరికీ చిన్న టీ బ్రేక్!” అన్నాడు బావమరిది చేతులు చాపుతూ.

“నువ్వు నోర్మూసుకో బాబూ” అంది నర్సు. “ఆయన పోయాడు.”

“ఎక్కడికి?”

దర్జీ వాళ్లకు వీపు పెట్టి, గిన్నెలోకి కప్పుతో నీళ్లు కొలిచి పోస్తున్నాడు. పోసినవి మళ్లీ వంచి, మళ్లీ కొలిచాడు. మొదటిసారి చచ్చినవాడు కదా, ఏది ఎక్కడుందో తెలియదు. టీపొడి డబ్బా కోసం రెండు అరలు వెతికాడు.

మేస్త్రి ఎత్తు స్టూలు మీంచి దిగాడు.

“ఇదేం చావయ్యా?” అన్నాడు. “పాచిక వేయకుండా చావేంటి? నా కోటలో ఎవడు పడితే వాడు బుద్ధిపుట్టినప్పుడల్లా చావడానికి లేదు. రా, వచ్చి వెయ్యి. పడితే చద్దువుగాని, లేకపోతే బతుకు.”

దర్జీ తిరగలేదు.

“నిన్నేనయ్యా!”

“చచ్చినవాడితో మాట్లాడకూడదు” అంది నర్సు. “మీరు పెట్టిందే మేస్త్రిగారూ.”

“చస్తే కదా! ఈ కార్డుల్లో చావు లేదన్నాడుగా వీడు!”

“ఒప్పుకుంటే ఉంటుంది బావా” అన్నాడు బావమరిది. అప్పటికి అతనికి విషయం కొద్దికొద్దిగా ఎక్కింది. ముఖం వెలిగిపోయింది. “చూశారా! నేను చెప్పేది ఇదే! ఎంత గొప్ప క్షణమో చూడండి! ఆయన తనంతట తానే…”

“అబ్బా, ఈ వివరించేవాళ్లతో చచ్చిపోతున్నా” అంది నర్సు. “పక్కింట్లో పాడె లేస్తుంటే పందిరి అందంగా ఉందన్నట్టు!”

డ్రైవరు ఈ గొడవేదీ వినడం లేదు. పలక మీదికి వంగి మూత వైపే చూస్తున్నాడు.

“మేస్త్రీ, ఒక మాట. ఆయన తలుపు తెరిచాడు. లోపలిది చూశాడు. పోయాడు. బాగుంది. ఏది చంపింది?”

“నాకేం తెలుసు? మీ ఆట, మీ ఇష్టం.”

“కాదుకాదు. మూత కింద గీసి ఉందన్నావు. మేమొచ్చినా అదే, రాకపోయినా అదే అన్నావు. అయితే ఇప్పుడు ఆయన్ను చంపింది కూడా అదే కదా? ఇన్నేళ్లు వెనక నిలబడినవాడు ఒక్కసారి ముందుకెళ్లి పోయాడు. దేని చేతిలో పోయాడో చూడొద్దూ?”

డ్రైవరు చేయి చాచి, గోడ మేకుకు తగిలించిన సన్న ఉలి అందుకున్నాడు.

“అది పెట్టెయ్. అంచు పోతుంది” అన్నాడు మేస్త్రి.

“మేకే కదా. ఒక్క పోటు.”

మేస్త్రి ముందు రెండు దారులున్నాయి. కసిరి ఉలి లాక్కోవచ్చు. షెడ్డు ఆయనది, పలక ఆయనది, ఉలి ఆయనది. అందరినీ పొమ్మనొచ్చు. పోతారు. వచ్చే ఆదివారం ఈ మబ్బు పెట్టె చుట్టూ ఇంకో ఇంట్లో కూర్చుంటారు. మూత మూతగానే ఉంటుంది, దాని ముందు ఎవరూ ఉండరు. లేదా ఇప్పుడే ఏదో ఒకటి నోటికొచ్చింది చెప్పేయొచ్చు. పాము అనొచ్చు, మంట అనొచ్చు. అప్పటికప్పుడు అల్లడం అంటే అదే కదా. వారమంతా దేన్ని చూసి ఉమ్మేశాడో దాన్నే ఇప్పుడు నాకాలి.

మూలన గిన్నెలో నీళ్లు కాగుతున్నాయి. దర్జీ అలాగే నిలబడి ఉన్నాడు, టీపొడి ఎంత వేయాలో తెలియక, చెంచా పైకెత్తి పట్టుకుని. అడగడానికి లేదు. అడిగితే చావు చెల్లదు. ఆ సన్న వీపు చూసి మేస్త్రికి ఎక్కడలేని కోపం వచ్చింది. డాలు వెనక నక్కాడని వీడిని ఇన్నేళ్లు వెక్కిరించాడు. తను నక్కింది అరచేతంత చెక్క వెనక.

మేస్త్రి పొయ్యి దగ్గరికి వెళ్లి, దర్జీ చేతిలోంచి చెంచా లాక్కున్నాడు.

“పో, పోయి కూర్చో” అన్నాడు. “అది చచ్చేంత గది కాదు.”

అది ఆయన ఆఖరి మాట. టీపొడి వేశాడు.

నర్సు చెయ్యి నోటి మీదికి పోయింది. ఆట నడిపేవాడు చావడం ఆ బల్ల దగ్గర ఎప్పుడూ లేదు. ఆయనకసలు ఆ కోటలో వీరుడే లేడు. అయినా చెంచా ఆయన చేతిలో ఉంది, పొయ్యి ముందు ఆయన ఉన్నాడు, చట్టం చట్టమే. దర్జీ కాసేపు ఉత్త చేతులతో నిలబడి, వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. అతను కూర్చుంటుండగానే డ్రైవరు మూత లేపాడు. మేకులు కీచుమన్నాయి.

మూత కింద నున్నటి ప్లైవుడ్. చుట్టూ పలకంతా ఏళ్ల తరబడి చేతులు పడి నల్లబడింది. ఆ అరచేతంత చోటు మాత్రం కొన్న రోజున ఉన్నట్టు పచ్చగా, పచ్చిచెక్క రంగులో ఉంది.

డ్రైవరు మూత తిరగేసి దాని వెనక కూడా చూశాడు. అక్కడా ఏమీ లేదు.

“మేస్త్రీ?”

మేస్త్రి చక్కెర వేస్తున్నాడు.

“మేస్త్రీ, ఇన్నేళ్లూ ఉత్త చెక్క చూపించా మమ్మల్ని నడిపించింది? గబ్బిలాల గదిలో నాలుగు ఆదివారాలు గడిపాం కదయ్యా!”

మేస్త్రి కలిపాడు. చచ్చినవాడు మాట్లాడడు. జీవితంలో ఏ చట్టమూ ఆయనను ఇంత బాగా కాపాడలేదు, ఇంత గట్టిగా కొట్టనూ లేదు.

“బావా” అన్నాడు బావమరిది, తల వాలుస్తూ, “ఇప్పుడు మీకు లోపల…”

“అడిగావంటే ఈ కార్డులన్నీ నీ నోట్లో కుక్కుతా” అంది నర్సు. అతను తల నిటారుగా పెట్టుకున్నాడు.

మేస్త్రి కప్పులు తెచ్చి ఒక్కొక్కరి ముందు పెట్టాడు. బావమరిది ముందు కూడా పెట్టాడు, కాస్త చప్పుడయ్యేలా. నర్సు ఒక గుక్క తాగింది. కళ్లు మూసుకుని, ఆసుపత్రిలో మందు మింగించేటప్పుడు రోగులు పెట్టే ముఖం పెట్టింది.

“మమ్మల్ని ఇన్నిసార్లు చంపారు” అంది. “మీరూ ఒక్కసారన్నా చచ్చుంటే టీ పెట్టడం వచ్చేది.”

డ్రైవరు నవ్వాపుకోలేక ఊగిపోయాడు. ఆ నవ్వుతో అతని కోపం సగం పోయింది. మిగతా సగంతో ఇంకో గుక్క తాగి, “జిగురే నయం” అన్నాడు.

“అయితే ఇప్పుడు మన ఆట కొనసాగిద్దాం” అన్నాడు బావమరిది. “గది ఖాళీగా ఉంది కదా, అందరం తలా ఒకటి…”

దర్జీ అతని వైపు చూడలేదు. లేచి, గోడ దగ్గరున్న ఎత్తు స్టూలును బల్ల దాకా తెచ్చుకుని, దాని మీద కూర్చున్నాడు. కాళ్లు నేలకు అందలేదు. మేస్త్రి చెవి మీద ఎప్పుడూ ఉండే పెన్సిలు కోసం చెయ్యి చాచాడు. మేస్త్రి ఆ చేతిని చూశాడు. ముఖంలో ఎంత చులకన పట్టిందో అంతా పెట్టి, పెన్సిలు తీసి ఇచ్చాడు.

దర్జీ పచ్చటి చెక్క మీద నాలుగు గీతలు గీశాడు. గీస్తూ తలుపు రెక్కను లోపలికి తెరిచి ఉన్నట్టు చూపించాడు. రెక్క తిరిగే బందులు బయటివైపు ఉన్నాయి. మేస్త్రి ఆనాడు ఎంతో శ్రద్ధగా గీసిన బందులు అవి. ఆ బందులతో ఆ తలుపు లోపలికి ఏడు జన్మలెత్తినా తెరుచుకోదు. అది చెప్పడానికి మేస్త్రి నోరు తెరిచి, కప్పుల వైపు చూసి, మూసుకున్నాడు.

“లోపల రాక్షసుడు లేడు” అన్నాడు దర్జీ. గొంతు ఇంకా పలచగానే ఉంది గానీ, తొణకలేదు. “నిధి లేదు. ఒక మంచం ఉంది. దుప్పటి సగం తీసి ఉంది. తాకితే వెచ్చగా ఉంది.”

మంచమట! మేస్త్రి పళ్లు నూరుకున్నాడు. మెట్లబావి దాటి, గబ్బిలాలు దాటి వస్తే మంచం! కుట్టుమిషను పెట్టలేదు, నయం.

“అంటే ఎవడో ఇప్పుడే లేచి వెళ్లాడు” అంది నర్సు, ముందుకు వంగుతూ. “నేను మంచం కింద చూస్తా.”

“అయితే వెయ్యి” అన్నాడు దర్జీ.

“ఇందులో పాచికలు ఉండవు కదండీ…” అని బావమరిది మొదలుపెట్టేలోపే పాచిక డబ్బా మూతలో పడి గిరగిరా తిరిగింది. అది ఆగేదాకా నలుగురూ ఊపిరి బిగబట్టారు. నలుగురిలో బావమరిది కూడా ఉన్నాడని మేస్త్రి గమనించాడు.

“కింద చెప్పులున్నాయి” అన్నాడు దర్జీ, పాచికను చూసి. “చిన్నవి.”

“ఎవరివయ్యా?” అన్నాడు డ్రైవరు. కార్డులు ఎప్పుడో బల్ల కిందికి, పొట్టులోకి జారిపోయాయి. “ఎవరివి, చెప్పు!”

దర్జీ పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు.

“కాస్త ఆగి చెప్తాను.”

మేస్త్రి స్టూలు లేక, ఒక తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. తప్పు బందులు, తప్పు మంచం, ఆ మెట్లబావి దాటి రాలేనంత చిన్న చెప్పులు. ఇందులో ఒక్కటీ తన కోటకు తగదు. ఎవరివో తెలిసి తీరాలి. కప్పులు ఖాళీ అయితే అడగొచ్చు. డ్రైవరు కప్పు ఖాళీ అయింది. దర్జీది అయింది. బావమరిది మర్యాదకు మొత్తం తాగేశాడు.

నర్సు తన కప్పు ఎత్తి, అడుగున ఒక గుక్క మిగిల్చి కింద పెట్టింది. మేస్త్రి వైపు చూసి, దాని మీద అరచెయ్యి మూసింది.